గంగుబాయి కుట్టిన మాస్కు

కరీంనగర్,
19 ఏప్రిల్ 2020

తమ్మీ జగన్మోహన్‌రావూ,

దీర్ఘాయువు, ఆరోగ్యం, కాస్త బుద్ధి, ఈ మూడూ నీకు కలగాలని దీవిస్తూ అక్క రాస్తున్నది. మొదటి రెండింటి సంగతి దేవుడు చూసుకుంటాడు. మూడోదాని కోసం నేనే పూనుకోవలసి వచ్చింది.

ఫోన్లున్న కాలంలో ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వు. ఫోన్లో నీ గొంతు నాకు బావిలో చెంబు పడ్డట్టు వినిపిస్తుంది. చెవి మిషను పెట్టుకుంటే అది ఈల వేస్తుంది. మొన్న మావాడు సంతోష్ తన ఫోన్లో నీ ముఖం చూపించాడు కదా, నువ్వు నోరు తెరిచినప్పుడే బొమ్మ ఆగిపోయింది. పళ్ల డాక్టరుకు తప్ప ఎవరికీ పనికిరాని దర్శనం అది.

ఎదురెదురుగా కూర్చుంటే నాకు ఏ ఇబ్బందీ లేదని నీకు తెలుసు. పదేళ్లుగా నేను వింటున్నది చెవులతో కాదు, కళ్లతో. ఎదుటివాళ్ల పెదాలు చదువుతాను. ముప్పై రెండేళ్లు సైన్సు టీచరుగా వెనక బెంచీల గుసగుసలు పట్టుకున్న అనుభవం ఊరికే పోలేదు. ఇప్పుడు అందరినీ మూతికి గుడ్డ కట్టుకోమన్నారు. కట్టుకోవలసిందే. దగ్గితే తుంపరలు ఎంత దూరం పోతాయో పిల్లలకు సుద్దపొడి ఊది చూపించినదాన్ని, నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. కానీ తమ్మీ, పది రోజులుగా నాకు లోకం మూగబోయింది. పాలాయన ఏదో అంటాడు, మందుల దుకాణమాయన ఏదో అంటాడు, నేను తల ఊపుతాను. నిన్న అట్లా తల ఊపి రెండు లీటర్ల పాలు ఎక్కువ పోయించుకున్నాను.

ఇంట్లో మాస్కులు లేవు కాబట్టి బతికిపోయాను. అయినా సంతోష్ మీసాల్లో మాట్లాడతాడు, కోడలు పొయ్యి వైపు తిరిగి మాట్లాడుతుంది. మనవరాలు దీక్షిత ఒక్కతే పలక మీద రాసి చూపిస్తుంది. పలక మీద కబుర్లు ఎంతసేపని? నాకు అందరికంటే తేటగా అర్థమయ్యేది నీ నోరే. చిన్నప్పుడు నీ నత్తి పోవాలని అద్దం ముందు నిలబెట్టి, పెదాలు విప్పి విప్పి పలికించింది నేనే కదా. ఆ అలవాటు నీకింకా పోలేదు. నీ ముఖం చూస్తే నీ గొంతు వినిపిస్తుంది నాకు.

రాఖీ పున్నానికి రా. అప్పటికైనా దారులు తెరవరా? నిన్ను చూసి ఆరు నెలలైంది. నాకు డెబ్భై నాలుగు. మన ఇంట పుట్టినవాళ్లలో నువ్వూ నేనే మిగిలాం. ఒక్క పూట నీతో కడుపునిండా మాట్లాడాలి, అంతే నా కోరిక.

ఇక అసలు సంగతి. నువ్వు విత్తనాల దుకాణంలో మూతికి ఏమీ లేకుండా కూర్చుంటున్నావని మరదలు గంగుబాయి సంతోష్‌తో చెప్పిందట. పురుగుమందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండని రైతులకు చెప్పి చెప్పి పంపేవాడివి నువ్వే కదా! వాళ్లకో న్యాయం, నీకో న్యాయమా?

నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ కొమురెల్లి గేటు బయటి నుంచి విసిరితే, ఎండలో ఆరేసి చదువుతాను. రెండు పేజీలకు తక్కువైతే వాపసు పంపుతాను. నీ మీద చాడీ చెప్పినందుకు మరదలికి నా మెచ్చుకోలు.

మీ అక్క,
లీలాబాయి


ఇచ్చోడ,
17 మే 2020

అక్కకు తమ్ముని దండాలు.

నీ ఉత్తరం దుకాణంల గంగు గట్టిగ చదివింది. పళ్ల డాక్టర్ మాటకు అమ్జద్ ఇంక నవ్వుతనే ఉన్నడు. ఇరవై ఏండ్లసంది నాతోని దుకాణం పంచుకున్నడు గని, నన్ను జూసి ఇంతగనం ఎన్నడు నవ్వలే.

నువ్వు చెప్పింది నిజమే అక్కా. కానీ ఇచ్చోడల కత వేరే. పత్తి విత్తనాల సీజన్ వచ్చింది. అన్ని బందైనా విత్తనాల దుకాణాలు తెరిచి పెట్టుమన్నరు. రోజుకు వంద మంది వస్తరు, అండ్ల మూతికి కట్టుకున్నోళ్లు పది మంది గూడ ఉండరు. నేను కట్టుకుంటే ఏమంటున్నరో ఎరుకనా? "ఏం సేటూ, ముఖం దాసుకుంటున్నవ్? నకిలీ విత్తనాలు గిట్ట తెచ్చినవా?" అంటున్నరు. విత్తనం సంచి జూసి కొనరు అక్కా, అమ్మేటోని ముఖం జూసి కొంటరు.

మొన్న వైన్ షాపులు తెరిచిన నాడు నువ్వు సూడాల్సింది. సున్నంతోని గుండ్రాలు గీసిండ్రు, ఒక్కొక్క దాంట్ల ఒక్కొక్కలు నిలవడాలని. గుండ్రాలల్ల చెప్పులు నిలవడ్డయ్. మనుషులందరు నీడకు ఒక్క కాడ కుప్పవడి కూసున్నరు.

నీకైతే ఏంది, నెల తిరిగితే పింఛన్ వస్తది, తలుపేసుకొని కూసున్నా నడుస్తది. మాకు గట్ల కాదు.

గంగు మాత్రం నీ పార్టీనే. పాత చీరలు కత్తిరిచ్చి మాస్కులు కుడుతున్నది. మారాష్ట్రల, కిన్వట్ పుట్టింటి కాడ నేర్చిన మిషన్ పని ఇప్పుడు అక్కెరకొచ్చింది. సంచి కొంటే మాస్కు పుక్కట్ అని అట్ట మీద రాసి తగిలిచ్చింది. అందరు తీసుకుంటున్నరు, జేబుల వెట్టుకొని పోతున్నరు. "అగ బాయి! బిమారి జేబుకొస్తదా, ముక్కుకొస్తదా?" అని ఎనుకనుంచి మొత్తుకుంటది. ఇనేటోడు లేడు.

రాఖీకి తప్పకుండ వస్త. ఏం ఫికర్ వెట్టుకోకు. నేను రుమాలైతే మెడల ఏసుకుంటనే ఉన్న.

నీ తమ్ముడు,
జగన్మోహన్‌రావు


కరీంనగర్,
21 జూన్ 2020

వ్యాపార ధురంధరుడైన తమ్మునికి, పింఛను తింటూ తలుపేసుకొని కూర్చున్న అక్క దీవెనలు.

ఆ ఒక్క ముక్క దగ్గర నీ ఉత్తరం మడిచి పెట్టాను. వారం తర్వాత విప్పి మిగతాది చదివాను. తలుపేసుకొని కూర్చోవడం నాకు సుఖమనుకున్నావా? నలుగురిలోకి పోతే నలుగురి కళ్లు కనిపిస్తాయి, ఒక్కరి మాటా కనిపించదు. నువ్వు ఎగతాళికే రాసి ఉంటావు. కానీ కాగితం మీద నీ నవ్వు రాదు తమ్మీ, మాట ఒక్కటే వస్తుంది. వచ్చి ఎదురుగా కూర్చొని ఎన్నైనా అను, పడతాను.

ఇక్కడ అన్నీ తెరిచారు. గుళ్లు, హోటళ్లు, సంతోష్ వాళ్ల ఆఫీసు. తెరిచారంటే రోగం పోయినట్టే అని జనం లెక్క. మాస్కు మొదట ముక్కు మీద ఉండేది, తర్వాత మూతి మీదికి దిగింది, ఇప్పుడు గడ్డం కింద వేలాడుతున్నది. ఇంకో నెలకు మొలతాడు అవుతుంది. కోడలు కొండగట్టు పోదామంది. "స్వామి దగ్గర రోగమేంది అత్తమ్మా?" అని పలక మీద రాయించి పంపింది. సముద్రం దాటినవాడు మన కోసం రెండు నెలలు ఆగలేడా అన్నాను. అయినా పోయి వచ్చారు. వచ్చినవాళ్లను మూడు రోజులు ముందుగదిలోనే ఉంచాను. ఇంట్లో నాకు థానేదారు అని పేరు పెట్టారట.

ఒక సంగతి చెప్పాలి. మా వీధికి కూరగాయలు తెచ్చే శంకరవ్వ నీకు తెలుసు. మొన్న బీరకాయలు తీస్తుంటే ఏదో చెప్పింది. ఏమిటన్నాను. మళ్లీ చెప్పింది. మళ్లీ ఏమిటన్నాను. మూడోసారి మాస్కు కిందికి గుంజి, "చేదున్నయమ్మా, తీస్కోకుమని చెప్తున్న" అంది. ఎంత తేటగా వినిపించిందో! నేనేం చేశానో తెలుసా? అందరి ముందూ గయ్యిమన్నాను. "ముందు పైకి గుంజు! చదువు లేకపోతే భయమైనా ఉండద్దా?" అన్నాను. శంకరవ్వ గుంజుకోలేదు. నా ముఖంలోకి చూసి, నాకు అర్థమయ్యేటట్టు నెమ్మదిగా అంది: "నీ కోసమే తీస్తి గద టీచరమ్మా. నీకు ఇనవడదని తీస్తి."

రెండు కిలోల చేదు బీరకాయలు కొనుక్కొని ఇంట్లోకి వచ్చాను. ఇంకేం చేయను?

రాఖీకి ఆరు వారాలుంది. నువ్వు వస్తే మాస్కుతోనే రావాలి. అయితే నీ మాట నాకెట్లా వినిపిస్తుందో, అదీ ఆలోచించి చెప్పు. నాకు తోచడం లేదు.

అక్క


ఇచ్చోడ,
19 జులై 2020

అక్కకు దండాలు.

పింఛన్ మాట నేను నవ్వుకుంట రాసిన, నువ్వు ఏడ్చుకుంట చదివినవ్. తప్పయింది. నీ తరఫున గంగు రెండొద్దులు నాకు చాయ్ వొయ్యలే.

ఇగ నన్ను తిట్టే పని లేదు నీకు. బాలమల్లు పోయిండు. మన దుకాణం పెట్టిన నాటిసంది మన కాడనే విత్తనాలు కొన్నోడు. మే నెలల వచ్చినప్పుడు "సేటూ, నీ ముఖం జూసే కొంటున్న" అని నా భుజం మీద చెయ్యేసిండు. మొన్న దగ్గు దగ్గు అని దవాఖానకు పోయిండు, ఆరొద్దులకు పోయిండు. పీనుగను ఊళ్లెకు రానియ్యలే. ఆ మాట ఇన్ననాడు ఊకె నా భుజం దిక్కే సూసుకున్న. ఆనాటిసంది కట్టుకున్న అక్కా. దుకాణం ముంగట తాడు కట్టిన. మాస్కు లేనోనికి విత్తనం లేదని రాసి పెట్టిన. నలుగురు అలిగి గుడిహత్నూర్‌ల కొనుక్కున్నరు. కొననియ్.

ఇంకోటి. నీ శంకరవ్వ కత చదివి గంగు ఆ పొద్దే పెట్టెల చీరలన్ని బయట వేసింది. తెల్లారి మిషన్ ముంగట కూసున్నది. కొత్త చీరకు పలసటి కవర్ వస్తది సూడు, అది కత్తిరిచ్చి మాస్కు నడుమ కిటికీ లెక్క కుట్టింది. మూడు కరాబ్ చేసి, నాలుగోది మంచిగ కుట్టింది. పెట్టుకుంటే పెదాలు కనవడుతున్నయ్. నన్ను అద్దం ముంగట నిలవెట్టి "అక్కా అనుండ్రి, మళ్ల అనుండ్రి" అని పది సార్లు అనిపిచ్చింది. ముసలితనంల మళ్ల నీ బడే మొదలైంది నాకు. "వదినెకు ఇగ బాధ ఉండది" అని ఒకటే సంబురం ఆమెకు.

రాఖీ నాడు పొద్దుగాల బస్సుకు వస్త, మాపటి బస్సుకు పోత. గంగు రాదు, ఆయాసం ఉన్న మనిషి, బస్సుల తిప్పద్దని డాక్టర్ చెప్పిండు. కిటికీ మాస్కు పెట్టుకొని నీ ముంగట కూసుంట. నువ్వు కట్టుకోమన్నదీ అయితది, నువ్వు సూడాలన్నదీ అయితది.

నీ తమ్ముడు


కరీంనగర్,
6 ఆగస్టు 2020

తమ్మీ,

నువ్వు బస్సెక్కి మూడు రోజులైంది. నీ మాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. చెవుల్లో అని రాశాను చూడు, ఎన్నేళ్లకో!

గేటు దగ్గర నిన్ను చూసి నవ్వాపుకోలేకపోయాను. ముఖమంతా పూల గుడ్డ, నడుమ కిటికీ, కిటికీలో నీ మూతి. టికెట్లిచ్చే గుమాస్తాలా ఉన్నావు. "అక్కా" అన్నావు, కనిపించింది. "మంచిగున్నవా" అన్నావు, సగం కనిపించింది. అంతలో ఆవిరి కమ్మింది. వానాకాలం బస్సు అద్దం అయిపోయింది. నువ్వు రుమాలుతో బయట తుడుస్తావు, ఆవిరి లోపలుంటుంది. నేను రాఖీ కడుతున్నాను, నీ కళ్లు నవ్వుతున్నాయి, నువ్వు ఏదో చెప్తున్నావు, నాకు మాట లేదు. "తీసెయ్ దాన్ని" అన్నాను. చేయి అడ్డం పెట్టి వద్దన్నావు. "ఒక్క గంట తమ్మీ. అక్కకు ఒక్క గంట" అన్నాను.

తీశావు.

ఎంత మాట్లాడావురా! బాపు మనిద్దరినీ సైకిలు మీద మంచిర్యాలకు తీసుకుపోయి రైలు చూపించిన రోజు చెప్పావు. బాలమల్లు భుజం మీద చేయి వేసింది చెప్పావు. గంగుబాయి గురించి అయితే ఆపకుండా చెప్పావు. నలభై ఏళ్ల కాపురం తర్వాత పెళ్లాం గురించి అంతసేపు మాట్లాడే మగవాణ్ణి నేను చూడలేదు. సంతోష్ రెండుసార్లు గుమ్మంలోంచి కళ్లెర్రజేశాడు, థానేదారే కానూను తప్పిందని. నేను చూడనట్టు కూర్చున్నాను.

మరదలితో చెప్పు, మాస్కు చాలా బాగుందని. అయితే అద్దం బిగించినవాళ్లు బస్సుకున్నట్టు తుడిచే పుల్ల కూడా కుట్టాలి కదా? నూటికి తొంభై మార్కులు వేశాను, పది ఆ పుల్ల కోసం ఉంచాను.

చేరినట్టు ఒక ముక్క రాయి.

అక్క


కరీంనగర్,
10 సెప్టెంబరు 2020

జగన్మోహన్‌రావుకు,

నెల దాటింది. చేరినట్టు కూడా రాయలేదు. ఇక్కడ అక్క చచ్చిందో బతికిందో నీకు అక్కర లేకపోయింది.

చావలేదు. నువ్వు వెళ్లిన వారం లోపే జ్వరం పట్టుకుంది. పరీక్ష చేస్తే అదే అన్నారు. ఆఫీసులో ఎవరికో ఉందట, సంతోష్‌తో పాటు మా గడప తొక్కింది. వాళ్లకు జలుబులా వచ్చి పోయింది, నన్ను మాత్రం పదమూడు రోజులు దవాఖానలో పడుకోబెట్టింది. మనుషులెవరో తెలియదు, అందరూ తెల్ల సంచులు తొడుక్కున్నారు. ఒక్కరి పెదాలు కనిపిస్తే ఒట్టు. నేను వాళ్లకు గోడ, వాళ్లు నాకు గోడ. ఇంటికొచ్చి రెండు వారాలు.

ఇంట్లో ఇప్పుడు అందరూ మాస్కులు పెట్టుకుంటున్నారు. మంచిదే. కానీ తమాషా ఏమిటంటే, నేను గదిలోకి రాగానే మాటలు ఆపేస్తారు. ఆపినట్టు కళ్లను బట్టి తెలుస్తుంది. నీ సంగతి అడిగితే దీక్షిత పలక మీద "తాతయ్య బిజీ" అని రాసింది. యూరియా సీజన్లో నువ్వు బిజీ అని నాకు తెలియదా? అక్కకు ఒక ముక్క రాయలేనంత బిజీ ఏమిటి?

నాకు అర్థమైందిలే. పుల్ల మాటకు గంగుబాయి అలిగింది. ఆమె అలిగింది కాబట్టి నువ్వూ అలిగావు. ఎన్నాళ్లుంటుందట ఈ మౌనవ్రతం? నవ్వులాటకన్న మాట పట్టుకొని నెలరోజులు మూతి ముడుచుకునే మనిషి కాదనుకున్నాను ఆమెను. సరే, నాదే తప్పు, నూటికి నూరూ వేశానని చెప్పు. ఇంతకంటే దిగలేను. ఇప్పుడైనా నోరు విప్పమను.

లీలాబాయి


ఇచ్చోడ,
27 సెప్టెంబర్ 2020

అక్కా,

గంగు లేదు.

ఆగస్టు ఇరవై ఒకటి, చవితి ముందటి రోజు పోయింది. నువ్వప్పుడు దవాఖానల ఉన్నవ్. నీకు చెప్పద్దని సంతోష్‌కు నేనే చెప్పిన. నువ్వు లేసి కూసున్నంక చెప్దామనుకున్న. తర్వాత ఎట్ల చెప్పాల్నో తెల్వలే.

నీ కాడనుంచి వచ్చిన నాలుగొద్దులకు నాకు జరం మోపైంది. నాకు రెండొద్దులల్ల తగ్గింది. తర్వాత గంగుకు వచ్చింది. ఆయాసం మనిషి గద. ఆదిలాబాద్ తీసుకపోయినం. లోపలికి నన్ను రానియ్యలే. అద్దం అవతల మంచం మీద ఉండె. నా దిక్కు జూసి ఏదో చెప్పింది. మూతికి ఆక్సిజన్ ఉన్నది, ఏం చెప్పిందో నాకు తెలువలే. నువ్వుంటే నీకు తెలుస్తుండె కావచ్చు అనుకున్న.

పోయినంక ఇంటికి తేనియ్యలే. నలుగురు వచ్చి సంచిల గట్టి తీసుకపోయిండ్రు. ముత్తైదువ పోతే నీళ్లు వోసి, పసుపు పూసి, కొత్త చీర కట్టాలె. ఏది కాలే. ఆడిబిడ్డవు నువ్వు ముందల నిలవడి జెయ్యాల్సింది. నువ్వు అక్కడ, నేను దూరంగ రోడ్డు మీద. అంతా అమ్జదే తిరిగిండు. పదో దినం దాక దుకాణం, ఇల్లు, నన్ను, అన్ని వాడే సూసుకున్నడు. వాన్ని గూడ పరీక్ష చేసిండ్రు, వానికేం లేదన్నరు. అల్లా మేలు జేసిండు.

నీ ఆగస్టు ఉత్తరం పదో దినం నాడు వచ్చింది. పిట్టకు పిండం పెట్టి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే పోస్ట్‌మ్యాన్ ఇచ్చిండు. పుల్ల మాట చదివిన. నీ మీద కోపం రాలే. గంగు ఉంటే ఎంత నవ్వుతుండెనో అనుకున్న. రెండో ఉత్తరం మొన్న వచ్చింది. అది చదివి పక్కకు వెట్టిన.

నువ్వు మనసుల ఏం వెట్టుకోకు. నాకు దుకాణంల ఎవలనుంచో అంటుకున్నది. నీ కాడికి రాకముందే అంటుకున్నదో ఏమో. నీకే నేను తెచ్చి ఇచ్చిన కావచ్చు.

జగన్మోహన్‌రావు


కరీంనగర్,
8 అక్టోబరు 2020

తమ్మీ,

నోరు విప్పమను అని రాశాను. ఆ మాట రాసిన చేత్తోనే ఇది రాస్తున్నాను.

నీ ఉత్తరం సంతోష్ నా చేతికి ఇవ్వలేదు, దిండు కింద పెట్టి పోయాడు. చదివి బయటికొస్తే ముగ్గురూ వరసగా నిలబడి ఉన్నారు. మాస్కులు తీసేసి ఉన్నారు, నేను ఏమడిగినా చెప్పాలని. మాస్కులు పెట్టుకోండని చెప్పి లోపలికొచ్చేశాను.

నీకు అబద్ధం చేతకాదు. చిన్నప్పుడూ చేతకాలేదు. దుకాణంలో అంటుకుంటే పొద్దస్తమానం నీ పక్కన కూర్చునే అమ్జద్‌కు ఎందుకు అంటుకోలేదు? దుకాణం నుంచి కాదు. నా నుంచి. నేనూ తెలియక చేశాననే నువ్వు అనుకుంటున్నావు. ఆ ఒక్క ఊరట నీకు మిగలనిచ్చి ఊరుకోవచ్చు. కానీ గంగుబాయి పోయిన తర్వాత కూడా నీతో నాటకమాడలేను.

రాఖీ నాడు పొద్దున కాఫీ తాగితే వేడి తెలిసింది, కాఫీ తెలియలేదు. పొడి వేయడం మరిచిపోయావా అని కోడలిని కసిరాను. ఆమె డబ్బా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. వాసన లేదు. గదిలోకి పోయి తలుపేసుకొని మామిడికాయ తొక్కు వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. మంట తెలిసింది, పులుపు తెలియలేదు. రుచీ వాసనా పోవడం దీని గుర్తేనని నెల కిందట పేపర్లో వస్తే, కత్తిరించి ఇంట్లో అందరికీ వినిపించింది నేనే. అది ఏమిటో నాకు ఆ క్షణంలోనే తెలుసు తమ్మీ. ముసలి నాలుక అనుకుందామని చూశాను. అనుకోలేకపోయాను.

అప్పటికి నువ్వు బస్సులో ఉన్నావు. సంతోష్‌తో చెప్తే నిన్ను బస్‌స్టాండ్ నుంచే తిప్పి పంపేవాడు. చెప్పలేదు. కిటికీ మాస్కు ఉంటుంది కదా, దూరంగా కూర్చుంటాను కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆవిరి పట్టింది. అప్పుడైనా పోనీలే, కాగితం మీద రాసుకుందాం అనవలసింది. నువ్వు వద్దన్నావు కూడా. మాట వినాలన్న ఆశ నాకు అంత ఉందని నాకే తెలియదు. శంకరవ్వను నడివీధిలో చదువు లేదని తిట్టినదాన్ని. ముప్పై రెండేళ్ల చదువు ఆ గంటకు అడ్డం రాలేదు.

ఆమె నా కోసం కుట్టిన మాస్కును నేనే తీయించాను.

క్షమించమని రాయడం లేదు. కాగితం మీద ఆ మాట చాలా చిన్నగా ఉంటుంది. నువ్వు రాస్తే చదువుతాను. రాయకపోతే, నీ ఇష్టం.

లీలాబాయి


కరీంనగర్,
28 ఫిబ్రవరి 2021

తమ్మీ,

నాలుగు నెలల ఇరవై రోజులు. కొమురెల్లి ఇప్పుడు ఉత్తరాలు విసరడం మానేసి చేతికే ఇస్తున్నాడు. నాకు మాత్రం లేవని తల అడ్డంగా ఊపుతాడు. ఆ మాట చదవడానికి పెదాలు అక్కర లేదు.

బడులు తెరిచారు. పిల్లలు మాస్కులు చేతికి చుట్టుకొని పోతున్నారు. పెళ్లి ఊరేగింపులు పోతున్నాయి. బజారులో అందరి ముఖాలూ కనిపిస్తున్నాయి, అందరి మాటా వినిపిస్తున్నది. నేను నోరు మూసుకొని వెళ్లి వస్తున్నాను. "ఏంది టీచరమ్మా, ఎవర్నీ తిడ్తలేవు, పానం మంచిగ లేదా?" అని శంకరవ్వ అడిగింది. అన్నానికి ఇప్పుడు రుచి తెలుస్తున్నది. తెలిసినప్పుడల్లా లేచి చేయి కడుక్కుంటున్నాను.

జవాబు కోసం రాయలేదు. నువ్వు తిన్నావో లేదో అడగడానికి రాశాను.

అక్క


ఇచ్చోడ,
22 ఆగస్టు 2021

అక్కకు దండాలు.

ఇయ్యాల రాఖీ. నువ్వు పంపుతవని పొద్దుగాలసంది సూసిన. పంపలే. పంపవని గూడ ఎరుకే.

నీ అక్టోబర్ ఉత్తరానికి పది నెలలసంది జవాబు రాస్తున్న. రాసుడు, చింపుడు. మొదలు కోపంతోని చింపిన. చానా కోపం వచ్చింది అక్కా, అబద్ధం ఎందుకు. నీ పేరు ఎత్తుతే అమ్జద్‌ను గూడ తిట్టిన. తర్వాత భయంతోని చింపిన. నువ్వు రాసినట్టు రాయాల్నంటే నాకు గూడ ఒకటి రాయాల్సి వస్తది.

నువ్వు రాఖీ కట్టేటప్పుడు నీ వేళ్లు నా మణికట్టుకు తాకినయ్. కాలుతున్నయ్. జరమని నాకప్పుడే తెలిసింది. సేతి రుమాలుతోని మాస్కు తుడుసుకున్నట్టు జేసి అటు దిక్కు మల్లిన. అందుకే నువ్వు తియ్యుమంటే సెయ్యి అడ్డం వెట్టిన. నువ్వు మళ్ల అడిగినవ్. ఎరుకుండే తీసిన.

అంతవరకైతే నా పానం, నా ఇష్టం. కానీ మాపటి బస్సుకు ఇంటికి వచ్చిన గద. ఒక్క రెండు వారాలు దుకాణం ఎనుక రూంల పండితే అయిపోతుండె. రూం ఉన్నది, మంచం ఉన్నది. పండితే ఎందుకని గంగు అడుగుతది. అడిగితే మాస్కు తీసిన అని చెప్పాలె. నేను గడప తొక్కకముందే ఎదురొచ్చింది. "పనికొచ్చిందా? వదినెకు మాట కనవడ్డదా?" అని అడిగింది. ఆ ముఖం జూసి, పనికొచ్చింది, అన్ని మాటలు కనవడ్డయ్ అన్న. పూలిచ్చినంత సంబురపడ్డది. అన్నం వడ్డిచ్చి పక్కనే కూసున్నది. నువ్వన్నవి, నేనన్నవి అన్ని చెప్పిచ్చుకున్నది. తెల్లారి మిషన్ మీద కూసొని నీ కోసం ఇంకో నాలుగు కుట్టింది, ఇంట్లోళ్లందరికి ఇయ్యుమని.

నీకు ఎరుకే, నాకు ఎరుకే. ఎరుక లేనిది ఆమెకొక్కదానికే.

మొన్న ఎండకాలం మళ్ల ఎంతమంది పోయిండ్రో నువ్వు పేపర్ల సూసే ఉంటవ్. ఇప్పుడు మళ్ల అన్ని తెరిచిండ్రు. దుకాణం ముంగట తాడు ఇప్పలే నేను. "ఇంక ఎందుకు సేటూ, పోయింది గద" అంటున్నరు. నవ్వుతున్నరు, నవ్వనియ్.

చవితి ముందటి రోజు గంగు ఏడాది. పోయిన్నాడు ఏది కాలే, ఈసారన్న మంచిగ జేద్దామని అనుకుంటున్న. ఆడిబిడ్డ లేకుంట ఎట్ల? రా. సంతోష్ కారుల తోలిస్తడు. ఫొటో ముంగట పీట వేస్త, పక్కపక్కకు కూసుందం. ఏదన్న అనాల్నంటే కాయితం మీద రాసుకుందం.

ఒక్కటే మాట అక్కా. నా మూతి మీది గుడ్డ తియ్యుమని మాత్రం అడగకు. నువ్వడిగితే మళ్ల తీస్త.

నీ తమ్ముడు,
జగన్మోహన్‌రావు